కల్పితాకాశము

రేడియోలో రెండు కేంద్రముల నడుమ వినవచ్చు గరగరను మనము సాధారణముగా పట్టించుకొనము. 1964లో అమెరికాలోని హోల్మ్‌డెల్ వద్ద పెన్జియాస్, విల్సన్ అను శాస్త్రజ్ఞులు తమ యాంటెనాలోని అట్టి గరగరను వదలక వెంబడించిరి. అందు చేరిన పావురముల రెట్టను సైతము కడిగి చూచిరి. అయినను అది పోలేదు. విశ్వము పుట్టిన సుమారు 3,80,000 సంవత్సరములకు వెలువడిన కాంతియే చల్లారి, మైక్రోతరంగములై, నేటికిని అన్ని దిక్కులనుండి వచ్చుచున్నది. దాని ఉష్ణోగ్రత పరమశూన్యమునకు పైన 2.725 డిగ్రీలు మాత్రమే.

దిక్కును బట్టి ఆ ఉష్ణోగ్రతలో లక్షవ వంతు భేదము కలదని 1992లో కోబ్ ఉపగ్రహపు కొలతలు తెలిపెను. నేడు వెదకుచున్నది అంతకంటెను సూక్ష్మము. విశ్వారంభమున పుట్టిన గురుత్వ తరంగములు ఈ కాంతి యొక్క కంపనదిశలో సుడివంటి ముద్రను విడిచియుండవచ్చునని ఊహ. పరికరపు సొంత గరగర, గాలిలోని తేమ, పాలపుంతలోని ధూళి ఆ ముద్రను కప్పివేయగలవు. ఉపగ్రహమును పైకి పంపిన పిమ్మట దించి సవరించుట సాధ్యము కాదు గదా!

కావున శాస్త్రజ్ఞులు ముందుగా కంప్యూటరులో ఒక ఆకాశమును కల్పింతురు. హీల్‌పిక్స్ అను పద్ధతిలో ఖగోళమును సమాన వైశాల్యము గల 12 గడులుగా విభజించి, ప్రతి గడిని మరల మరల నాలుగేసి భాగములు చేయుదురు. 2009లో ఐరోపావారు పంపిన ప్లాంక్ ఉపగ్రహపు సూక్ష్మపటములలో ఇట్టి గడులు 5 కోట్లకు పైబడినవి. గడి గడికిని ఒక విలువ నిచ్చి, దానిపై ధూళిని చల్లి, పరికరపు లోపములను గరగరను కలిపి, ఆ కొలతలను విశ్లేషణకు ఒప్పగింతురు. దాచినది దాచినట్లు బయటపడవలెను. దాచనిది కనబడెనా, దోషము పద్ధతిలో నున్నదన్నమాట. మచ్చు తెలిసిన బంగారమును గీసి ఒరగల్లును పరీక్షించుట వంటిదే యిది. ఇట్టి ఆకాశములను వందలకొలది కల్పించి చూచిన మీదటనే గ్రాహకములు ఎన్ని కావలెనో, ఏ పౌనఃపున్యములు కావలెనో నిర్ణయింతురు.

అయితే కల్పితాకాశమునకు మనము చెప్పినదే తెలియును. 2014 మార్చిలో, దక్షిణ ధ్రువమునందు బైసెప్2 దూరదర్శినితో పనిచేసిన బృందము ఆ ముద్ర దొరకినదని ప్రకటించెను. తమ పరికరమును వారు చక్కగా ఎరుగుదురు. కాని అది చూచినది 150 గిగాహెర్ట్జ్ అను ఒక్క పౌనఃపున్యమునే. నాడు వారికి లభించిన ధూళి నమూనాలు ధూళిని తక్కువగా అంచనా కట్టెను. ప్లాంక్ ఉపగ్రహము ధూళి మిక్కిలిగా ప్రకాశించు 353 గిగాహెర్ట్జ్ వద్దకూడ కొలిచియుండెను. 2015లో ఉభయ బృందములు కలిసి లెక్కింపగా, గురుత్వ తరంగములకు నిదర్శనము నిలువలేదు. దీనిని పరాభవమని కొందరు పలికిరి, మాకట్లు తోచదు. ధూళి కొలతలు చేతికి రాకమునుపు ఆ సందేహము తీరు మార్గము లేదు.

పిదప ధ్రువమునందలి పరికరములకు ఇతర పౌనఃపున్యములను చేర్చిరి. చిలీలోని అటకామా ఎడారిలో 5,200 మీటర్ల ఎత్తున వెలసిన సైమన్స్ వేధశాలకు ఆరింటిని ఎన్నుకొనిరి. దాని రూపకల్పనలో ఒక్క ధూళి నమూనాతో తృప్తిపడక, అంతకంతకు చిక్కైన నమూనాలను ఒకదాని వెంట ఒకటి కల్పితాకాశముపై చల్లి, విశ్లేషణ ఎచ్చట తప్పుచున్నదో చూచుకొనిరి.