ట్యాంకు నడిపే మనిషికి శిక్షణ ఉందా?



మీలో చాలామంది మీ వాళ్ల మంచం పక్కన రాత్రింబవళ్లు కూర్చుని ఉన్నవారే. వాంతులు, విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లతో ఎవరైనా వస్తే మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మీరు తాగే నీళ్లు ఎక్కడివి?" అని. "కుళాయి నీళ్లేనమ్మా, ట్యాంకు నుంచి వస్తాయి" అని చాలామంది చెబుతారు. ఈరోజు ఆ ట్యాంకు గురించి, దాన్ని నడిపే మనిషి గురించి మాట్లాడుకుందాం.

ఇక్కడ సెలైన్ ఎక్కిస్తాం, మందులు ఇస్తాం, మీ మనిషి కోలుకుంటాడు. కానీ ఇంటికి వెళ్లాక మళ్లీ అవే నీళ్లు తాగితే? ఇంట్లో గర్భిణీ ఉంటే మరీ జాగ్రత్త. కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లలో ఒక రకం, హెపటైటిస్-ఇ, నెలలు నిండుతున్న గర్భిణీల ప్రాణానికే ముప్పు తెస్తుంది. అందుచేత నీటిని కాచే మనిషి కూడా ఒక విధంగా మా పనే చేస్తున్నాడు. నర్సుకు శిక్షణ లేకుండా సూది పట్టుకోనివ్వరు కదా! ఊరందరికీ నీళ్లు వదిలే మనిషికి శిక్షణ అక్కర్లేదా?

చాలా ఊళ్లలో ఆయనకు మోటారు వేయడం, ఆపడం, వాల్వు తిప్పడం వరకే చూపిస్తారు. ఆయన నేర్చుకోవలసినవి ఇంకా ఉన్నాయి.

మొదటిది, బ్లీచింగ్ పౌడరు కలపడం. మంచి పౌడరులో క్లోరిన్ నూటికి 25 నుంచి 33 పాళ్లు ఉంటుంది. 1000 లీటర్లకు 4 గ్రాముల చొప్పున 40,000 లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు కావాలి. ఇది మొదటి లెక్క మాత్రమే. పౌడరును నేరుగా ట్యాంకులో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, మరిన్ని నీళ్లు పోసి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీటినే ట్యాంకులో పోయాలి. తరువాత కనీసం అరగంట ఆగి నీళ్లు వదలాలి. ఆ అరగంటలోనే క్లోరిన్ క్రిములను చంపుతుంది.

రెండవది, పౌడరు దాచడం. మూతి విప్పిన సంచి ఎండ తగిలినా, చెమ్మ తగిలినా సత్తువ పోతుంది. తెల్లగానే కనబడుతుంది గానీ పని చేయదు.

మూడవది, పరీక్ష. ఇది అన్నిటికంటే ముఖ్యం. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే రంగు వస్తుంది. ఆ రంగును పెట్టెలోని రంగులతో పోల్చి చూడాలి. ట్యాంకు దగ్గర చూస్తే చాలదు, ఊరి చివరి ఇంటి కుళాయి దగ్గర చూడాలి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశపు ప్రమాణం. అంటువ్యాధి భయం ఉన్నప్పుడు 0.5 ఉండాలి. రంగు రాలేదంటే ఎంత పౌడరు వేసినా చాలలేదన్నమాట.

నాలుగవది, లీకులు. నీళ్లు ఆపిన తరువాత పైపులో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు పగిలిన చోట నుంచి పక్కనున్న మురుగు లోపలికి పోతుంది. మరునాడు మొదట వచ్చే బిందెలో అదే ఉంటుంది.

ఐదవది, రిజిస్టరు. ఏ రోజు ఎంత పౌడరు వేశారు, పరీక్షలో ఎంత వచ్చింది, ట్యాంకు ఎప్పుడు కడిగారు అన్నది నిజంగా రాయాలి.

ఇవి చిన్న పనులే అనిపించవచ్చు. ఇవి చేయకపోతే ఏమవుతుందో కెనడా దేశంలోని ఒక చిన్న ఊరు ప్రపంచానికి చూపింది. చదువు, డబ్బు, యంత్రాలు అన్నీ ఉన్న దేశం అది. ఊరి పేరు వాకర్టన్, జనాభా 5,000 లోపు. 2000వ సంవత్సరం మే నెలలో భారీ వర్షాలు కురిశాయి. పశువుల పేడలోని ఈ-కోలై క్రిమి వాన నీటితో కలిసి ఊరికి నీళ్లిచ్చే ఒక బావిలోకి దిగింది. ఆ బావికి చాలినంత క్లోరిన్ వేయలేదు, రోజూ కొలవలేదు. కొలిచినట్టు రిజిస్టరులో అంకెలు మాత్రం వేశారు. నీరు చెడిందని లేబొరేటరీ చెప్పినా పైకి చెప్పలేదు. పిల్లలు రక్త విరేచనాలతో ఆసుపత్రికి రావడంతో అక్కడి పిల్లల వైద్యురాలికి అనుమానం వచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది. 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు.

న్యాయమూర్తి డెనిస్ ఓ'కానర్ విచారణ జరిపి 2002లో నివేదిక ఇచ్చారు. నీటి పథకం నడిపినవారు ఏళ్ల అనుభవం ఉన్నవారే. కానీ నీటి క్రిములు ఎంత ప్రమాదమో వారికి సరైన శిక్షణ లేదు. క్లోరిన్ వేయని ఆ నీళ్లు మంచివేనని నమ్మి వారు కూడా తాగేవారు. ఇంకొక సంగతి కూడా బయటపడింది. క్లోరిన్ రుచి బాగాలేదు, తగ్గించండి అని ఊరివాళ్లలో కొందరు అప్పుడప్పుడు వారిని ఒత్తిడి చేసేవారట!

ఈ మాట దగ్గర మనం కాస్త ఆగాలి. "నీళ్లు బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి, ఎందుకు వేశావు?" అని మన ఊళ్లలో ఆపరేటర్‌ను తిట్టేవాళ్లు లేరా? రెండు రోజులు తిట్లు తింటే మూడో రోజు ఆయన వేయడం మానేస్తాడు. కుళాయి నీటిలో కొద్దిపాటి వాసన ఉంటే అది కాపలా ఉందన్న గుర్తు. బిందెలో పట్టి కొంతసేపు ఉంచితే వాసన తగ్గుతుంది. వాసన మరీ ఘాటుగా ఉంటే పరీక్ష చేసి చూపించమని అడగండి. అంతేగాని మానేయమనకండి.

ఆ ఘోరం తరువాత అక్కడి ప్రభుత్వం నీటి పథకాలు నడిపేవారికి శిక్షణను తప్పనిసరి చేసింది. 2004లో అదే ఊరిలో, ముఖ్యంగా చిన్న పథకాల వారికోసం, శిక్షణ కేంద్రం పెట్టింది. ఏడు ప్రాణాలు పోయాక వచ్చిన బుద్ధి అది. మనం అంతవరకు ఆగనవసరం లేదు.

మన దేశంలో 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలని నిర్ణయించారు. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి. లేకపోతే మీ ఇంటి కోడలో, కూతురో ముందుకు రావచ్చు.

ఇంటికి వెళ్లాక మీరు చేయవలసినవి:

1. సర్పంచ్‌ను, పంచాయతీ కార్యదర్శిని కలిసి "మన ఆపరేటర్‌కు శిక్షణ ఇప్పించారా? క్లోరోస్కోప్ ఉందా? పౌడరు నిల్వ ఉందా?" అని మర్యాదగా అడగండి. గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు గారిని కూడా అడగవచ్చు.

2. శిక్షణ ఒక్కరికే ఇస్తే చాలదు. ఆయన జ్వరంతో పడుకున్నా, పెళ్లికి వెళ్లినా నీళ్లు వదలాలి కదా. రెండో మనిషికి కూడా నేర్పించమనండి. సర్పంచ్, కార్యదర్శి కూడా ఒకసారి నేర్చుకుంటే రిజిస్టరు చూసి తప్పొప్పులు చెప్పగలరు.

3. ఆపరేటర్ జీతం నెలనెలా అందుతోందా అని కనుక్కోండి. జీతం అందని మనిషికి రోజూ పరీక్ష చేయమని ఏ మొహంతో చెబుతాం?

4. కుళాయి కోసం గుంట తవ్వకండి, కుళాయికి మోటారు బిగించకండి. గుంటలోని మురికి, పగిలిన పైపు పక్కనున్న మురికి మీ బిందెలోకే వస్తాయి.

5. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి విరేచనాలు మొదలైతే అదే రోజు ఆశా కార్యకర్తకు, ఆపరేటర్‌కు చెప్పండి. నీళ్లు బాగున్నాయని తేలేవరకు తెర్లేలా కాచి, చల్లార్చి తాగండి.

డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు రాసి ఇస్తాం. దానితో పాటు ఈ ఐదు మాటలు కూడా గుర్తుపెట్టుకుని వెళ్లండి. మీ ఊరి ట్యాంకు దగ్గర ఆ మనిషి ఎదురైతే, "అన్నా, ఈరోజు చివరి కుళాయి దగ్గర ఎంత వచ్చింది?" అని ఒక్క మాట అడగండి. అడిగేవారు ఉన్నారని తెలిస్తే ఆయన పని శ్రద్ధగా సాగుతుంది. ఆ పని బాగా సాగినన్నాళ్లు ఇదే జబ్బుతో మీరు మళ్లీ మా దగ్గరకు రావలసిన అవసరం తగ్గుతుంది.