దేహములో కీటోసిస్‌ను కనుగొను విధములు
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలలో భాషను గూర్చియు విద్యను గూర్చియు మాటలాడుట ఆచారము. నేడు మేము ఆ ఆచారమును కొంచెము తప్పి, ఆరోగ్యమునకు సంబంధించిన యొక విషయమును ఎన్నుకొంటిమి. దీనికి రెండు కారణములు గలవు. అన్నము, ఇడ్డెన, రొట్టె మాని, గ్రుడ్లు, మాంసము, వెన్న, నేయి మిక్కుటముగా తిని బరువు తగ్గించుకొను ‘కీటో’ ఆహారము మన యిండ్లలోనికిని వచ్చినది. అట్లు తినువారు “మా దేహము కీటోసిస్ స్థితికి వచ్చినదా, లేదా?” యని పరీక్షించుకొనుచున్నారు. ఇది మొదటి కారణము. చక్కెరవ్యాధి గల బిడ్డ దేహములో ఆ కీటోనులే మితిమీరినచో అది ప్రాణాపాయము. ఇది రెండవది. పరీక్ష యొక్కటే, పేరును ఒక్కటే. కాని అర్థము వేఱు. ఆ భేదము తెలియని యింట కొన్ని గంటలలోనే పరిస్థితి చేయి దాటిపోవచ్చును.

మన వంటి కుటుంబములకు మఱియొక చిక్కు కలదు. ఇంట తెలుగు, వీధిలో ప్రాంతీయ భాష, వైద్యుని యొద్ద ఇంగ్లీషు. మందుసీసా మీది అక్షరములను చదివి పెద్దలకు చెప్పువాడు తఱచుగా బడికి పోవు పిల్లవాడే. ఆసుపత్రిలో విన్న మాటను మన యింటి మాటలలో ఒకసారి చెప్పుకొన్నగాని అది మనసునకు పట్టదు. ఆ పనికే ఈ ప్రసంగము.

కీటోసిస్ అననేమి?

మనము తిను అన్నము గ్లూకోసుగా మారి దేహమునకు ఇంధనమగును. మిగిలిన దానిలో సుమారు 100 గ్రాములను కాలేయము గ్లైకోజన్ అను రూపమున దాచియుంచును. భోజనము మానినచో ఈ నిలువ ఇంచుమించు ఒక దినములో తఱిగిపోవును. అప్పుడు దేహము తన క్రొవ్వును కరిగించును. కాలేయము ఆ క్రొవ్వు నుండి అసిటోఅసిటేట్, బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్, అసిటోన్ అను మూడు పదార్థములను తయారు చేయును. వీనినే కీటోనులందురు. ఇవి రక్తములో సామాన్య మితిని మించి యుండు స్థితియే కీటోసిస్.

ఇది స్వతహాగా రోగము కాదు. ఏకాదశినాడు నిర్జల నిరాహారముగా నున్నవారి దేహములో మఱునాటి ఉదయమునకు కీటోనులు కనిపించును. జ్వరముతో రెండు పూటలు తినని పసిబిడ్డలో అవి యింకను త్వరగా కనిపించును. మెదడు గ్లూకోసు లేక బ్రతుకజాలదని యొకప్పుడు తలచుచుండిరి. దీర్ఘోపవాసములో మెదడునకు కావలసిన ఇంధనములో అధిక భాగమును కీటోనులే ఇచ్చుచున్నవని 1967లో అమెరికాలో ఓవెన్, కేహిల్ మొదలగు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కనుక ఇది కఱవు కాలమున మనుష్యుని కాపాడుటకు ప్రకృతి చేసిన యేర్పాటు.

అయితే ఈ యేర్పాటునకు ఒక కళ్ళెము కలదు. అదియే ఇన్సులిన్. ఉపవాసములో సైతము ఆరోగ్యవంతుని క్లోమము కొంచెము ఇన్సులిన్‌ను విడుచుచునే యుండును. అందుచేత కీటోనులు మితి మీరవు. మొదటి రకపు చక్కెరవ్యాధి గల బిడ్డకు ఆ ఇన్సులిన్ లేదు. సూదిమందు తప్పినచో కళ్ళెము తెగిన గుఱ్ఱమువలె కీటోనులు పెరిగి, రక్తమును ఆమ్లముగా మార్చును. దానిని కీటోఅసిడోసిస్ అందురు. కీటోసిస్, కీటోఅసిడోసిస్ అను రెండు మాటలును వినుటకు ఒకటిగానే యుండును. మొదటిది స్థితి, రెండవది అపాయము.

కనుగొను విధములు

మొదటి విధము మన యింద్రియములే. అసిటోన్ ఊపిరితో బయటకు వచ్చును గనుక నోటి యొద్ద మిగులపండిన పండు వాసనయో, గోళ్ళరంగును తుడుచు ద్రవపు వాసనయో తోచును. నోరు ఎండుట, ఆకలి తగ్గుట, మొదటి దినములలో తలనొప్పి, నీరసము కలుగుటయు ఉండును. కాని ఈ గుర్తులను నమ్మి నిర్ణయము చేయరాదు. తలనొప్పికి వేయి కారణములు గలవు. అసిటోన్ వాసనను పసిగట్టు శక్తి అందఱికిని ఉండదు. వాసన తెలిసినచో మేలుకొనవలెను. తెలియలేదని నిశ్చింతగా నుండరాదు.

రెండవది మూత్రపరీక్ష. ఇది చాల పాతది. చక్కెరవ్యాధి గలవారి మూత్రములో అసిటోన్ ఉన్నదని 1857లోనే కనుగొనిరి. 1908లో రోథెరా అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పరీక్షను నేటికిని వైద్య విద్యార్థులు నేర్చుకొనుచున్నారు. మూత్రములో అమ్మోనియం సల్ఫేటును కరుగునంత వఱకు కలిపి, సోడియం నైట్రోప్రుస్సైడ్ పలుకులు వేసి, గొట్టపు ప్రక్కనుండి మెల్లగా అమ్మోనియా పోసినచో, కీటోనులున్నయెడల ఊదారంగు వలయము ఏర్పడును. ఆ రసాయనమునే కాగితపు పట్టీకి పూసి నేడు మందుల దుకాణములలో అమ్ముచున్నారు. పట్టీని మూత్రములో ముంచి, సీసాపై చెప్పిన క్షణములు లెక్కించి, రంగును సీసా మీది రంగులతో పోల్చవలెను. లేత గోధుమరంగు మారకున్నచో కీటోనులు లేవు. గులాబి నుండి ముదురు ఊదా వఱకు పోవుకొలది కీటోనులు హెచ్చు.

దీని ఖరీదు స్వల్పము. సూది గ్రుచ్చు బాధ లేదు. కాని లోపములు తెలిసికొనవలెను. ఈ పట్టీ అసిటోఅసిటేట్‌ను చూచునేగాని, రక్తములో ఎక్కువగా నుండు బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్‌ను చూడజాలదు. మూత్రము కొన్ని గంటలుగా మూత్రాశయములో నిలిచియున్నది గనుక అది గడచిన కాలపు వార్తనే చెప్పును. నీరు విస్తారముగా త్రాగినచో రంగు తేలును; త్రాగకున్నచో ముదురును. సి విటమిను ఎక్కువగా పుచ్చుకొన్నవారిలో కీటోనులున్నను రంగు రాకపోవచ్చును. రక్తపుపోటునకు వాడు కాప్టోప్రిల్ వంటి మందుల వలన లేని రంగు కనిపించవచ్చును. తేమ తగిలిన పట్టీ పనికిరాదు. సముద్రతీరమున నున్నవారు, వర్షకాలమున అందఱును ఈ సంగతిని గమనింపవలెను. మూతను గట్టిగా బిగించి, స్నానాలయములో గాక పొడిచోట ఉంచి, గడువు దాటిన సీసాను పారవేయవలెను.

ఇచట ఒక సందేహమును తీర్చవలసియున్నది. చక్కెరకు చేయు మూత్రపరీక్షయు, కీటోనులకు చేయు మూత్రపరీక్షయు ఒకటి కావు. మధుమేహమను మన పాత పేరు మూత్రపు తీపిని బట్టి వచ్చినది. ఆ తీపి చక్కెరను చెప్పును, కీటోనులను చెప్పదు.

మూడవది ఊపిరి పరీక్ష. చేతిలో ఇముడు యంత్రములోనికి ఊదినచో అది అసిటోన్‌ను కొలుచును. ఒకసారి కొన్నచో పట్టీలతో పని లేదు. కాని ఊదు విధమును బట్టి, అంతకు ముందు త్రాగిన దానిని బట్టి అంకె మారుచుండును. ఆహార నియమము పాటించు ఆరోగ్యవంతులకు ఇది వినోదముగా నుండవచ్చును. చక్కెరవ్యాధి గల బిడ్డ విషయమున దీనిపై ఆధారపడరాదు.

నాలుగవది రక్తపరీక్ష. అన్నిటిలో నమ్మదగినది ఇదియే. చేతులు కడిగి తుడుచుకొని, వ్రేలి కొనను సన్నని సూదితో గ్రుచ్చి, ఒక చుక్క రక్తమును పట్టీకి తాకించినచో, కొన్ని క్షణములలో బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్ ఎంత యున్నదో యంత్రము చూపును. ఇది ఆ క్షణపు వార్త. ఒక్క హెచ్చరిక: చక్కెర చూచు పట్టీ కీటోనులను చూపదు. కీటోనులకు వేఱు పట్టీ కావలెను; దానిని చదువగల యంత్రమును కావలెను. పట్టీ ఖరీదు హెచ్చు. కావున దినదినము వేడుకకు గాక, అవసరమైనపుడు వాడుకొనుట మంచిది.

అంకెల అర్థము

రక్తపరీక్ష ఫలితమును లీటరునకు ఇన్ని మిల్లీమోలులని చెప్పుదురు. నిత్యము అన్నము తినువారిలో ఇది 0.5 కంటె తక్కువ. ఆహార నియమము చేత కీటోసిస్ పొందినవారిలో 0.5 నుండి 3 వఱకు ఉండును. దీర్ఘోపవాసములో అంతకు మించుటయు కలదు.

చక్కెరవ్యాధి గలవారికి కొలబద్ద వేఱు. 0.6కు లోబడియున్నచో భయము లేదు. 0.6 నుండి 1.5 వఱకు నున్నచో వైద్యుడు ముందుగా చెప్పియుంచిన విధమున నడచి, రెండు గంటలలో మరల పరీక్షింపవలెను. 1.5 దాటినచో అపాయము సమీపించినది. వెంటనే వైద్యునితో మాటలాడవలెను. 3 యైనను, అంతకు మించినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. చూడుడు: 2 అను అంకె ఆహార నియమము పాటించు తండ్రికి సంతోషము కలిగించినచో, ఇన్సులిన్‌పై ఆధారపడిన కొడుకునకు అదే అంకె అపాయఘంటిక.

ఇంకొక మాట. పట్టీ రంగు ముదిరినంత మాత్రమున ఒంటి క్రొవ్వు ఎక్కువగా కరుగుచున్నదని అర్థము కాదు. తిన్న నేతి నుండియు కీటోనులు పుట్టును. కాఫీలో వెన్న కలుపుకొని త్రాగి రంగును ముదిరించుకొనవచ్చును. దానివలన బరువు తగ్గదు. ఆరోగ్యవంతుడు బరువు తగ్గదలచినచో తూనికయు, నడుము కొలతయు చాలును.

ఎవరు జాగ్రత్త పడవలెను?

మొదటి రకపు చక్కెరవ్యాధి గల పిల్లలు అందఱికంటె ముందు. జ్వరము, వాంతి, విరేచనములు కలిగినపుడును, రక్తములో చక్కెర 240 మిల్లీగ్రాములు దాటి దిగనపుడును కీటోనులను పరీక్షింపవలెను. “బిడ్డ ఏమియు తినలేదు, నేడు సూదిమందు ఎందుకు?” అని తల్లులు అనుకొందురు. ప్రేమతో పుట్టిన ఈ తలపే ప్రమాదమునకు దారి. జ్వరములో దేహమునకు ఇన్సులిన్ అవసరము పెరుగవచ్చును. మోతాదు మార్చుట వైద్యుని పని. కాని ఇన్సులిన్‌ను పూర్తిగా మానుట ఎన్నటికిని కూడదు.

వ్యాధి యున్నదని యింకను తెలియని బిడ్డ సంగతి మఱింత ముఖ్యము. చాలమంది పిల్లలలో చక్కెరవ్యాధి మొదట బయటపడునది కీటోఅసిడోసిస్ రూపముననే. అకస్మాత్తుగా దాహము హెచ్చుట, మాటిమాటికి మూత్రమునకు పోవుట, పక్క తడుపుట మానిన పిల్లవాడు మరల తడుపుట, తినుచున్నను చిక్కిపోవుట ముందుగా కనిపించును. పిమ్మట కడుపునొప్పి, వాంతులు, లోతైన వేగమైన ఊపిరి, మగత వచ్చును. ఆ ఊపిరిని 1874లో జర్మను వైద్యుడు కుస్‌మౌల్ వర్ణించెను. నేటికిని అది ఆయన పేరుననే చెలామణియగుచున్నది. ఇట్టి గుర్తులు గల బిడ్డకు దిష్టి తీయుచు, అజీర్ణమని కషాయమిచ్చుచు కాలము గడపరాదు. ఇంట పరీక్ష పట్టీ లేదని ఆగరాదు. ఆసుపత్రిలో “చక్కెర చూడుడు, కీటోనులు చూడుడు” అని మన నోటనే అడుగవలెను.

పెద్దలలో రెండవ రకపు వ్యాధికి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడువారు కలరు. వీరిలో చక్కెర మితముగానే యుండియు కీటోఅసిడోసిస్ రావచ్చునని 2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించెను. ఇట్టివారు ‘కీటో’ ఆహారమునకు గాని, కఠినోపవాసమునకు గాని పూనుకొనుటకు ముందు వైద్యుని అడుగవలెను. గర్భవతులును, పాలిచ్చు తల్లులును ఈ ఆహారము జోలికి పోకుండుట మేలు.

పిల్లలకు ఈ ఆహారము ఒక్కచోట ఔషధముగా నున్నది. మందులకు లొంగని మూర్ఛవ్యాధికి దీనిని వాడవచ్చునని 1921లో అమెరికాలోని మేయో వైద్యశాలలో వైల్డర్ అను వైద్యుడు సూచించెను. అది తూచి కొలిచి, నిపుణుల పర్యవేక్షణలో నడపవలసిన చికిత్స. లావుగా నున్నాడని బడిపిల్లవానికి ఇంట మనమే అన్నము మాన్పించుట చికిత్స కాదు.

మన కర్తవ్యము

1922 జనవరి మాసమున కెనడాలోని టొరంటో నగరములో లియోనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునకు మొట్టమొదటి ఇన్సులిన్ సూదిమందు ఇచ్చిరి. శుద్ధి చేసిన మందును ఇచ్చిన పిమ్మట అతని మూత్రములో కీటోనులు మాయమాయెను. అతడు బ్రతుకుచున్నాడని వైద్యులకు తెలిపిన గుర్తులలో అదియు ఒకటి. అంతకు పూర్వము ఆ వ్యాధి వచ్చిన బిడ్డలకు బ్రతుకు లేదు. నేడు మందు ఉన్నది, పరీక్షయు ఉన్నది. ఇక కావలసినది సకాలమున గుర్తించు కన్ను మాత్రమే.

కనుక తల్లిదండ్రులకు మా మనవి యిది. బిడ్డకు చక్కెరవ్యాధి యున్నచో దానిని దాచవద్దు. వివాహ సంబంధములకు అడ్డమగునను భయముచే, ముఖ్యముగా ఆడపిల్లల విషయమున, కొందఱు బడికి చెప్పరు. బడికి తెలియనిచో, మధ్యాహ్నము మగతగా బల్లపై తల వాల్చిన పిల్లను ఉపాధ్యాయుడు నిద్రపోతుననుకొనును. ఒక కాగితముపై బిడ్డ వ్యాధి, మందు, వైద్యుని ఫోను సంఖ్య తెలుగులోను ప్రాంతీయ భాషలోను వ్రాసి తరగతి ఉపాధ్యాయునకు ఇయ్యవలెను. ఇంట పట్టీల సీసాను, దాని గడువును నెలకొకసారి చూచుకొనవలెను. అంకెల అర్థమును అమ్మమ్మకు, తాతయ్యకు సైతము తెలుగులో చెప్పియుంచవలెను. తల్లిదండ్రులు పనికి పోయిన వేళ బిడ్డ యొద్ద నుండువారు వారే గదా.

మన భాషను ఈ పాఠశాలలో నిలుపుకొనుట పద్యము కొఱకు, పాట కొఱకు మాత్రమే కాదు. అర్ధరాత్రి బిడ్డ ఊపిరి బరువైనపుడు ఏమి చేయవలెనో ఒకరికొకరు తడబడక చెప్పుకొనుటకును అది కావలెను.

 మన పిల్లలందఱును ఆయురారోగ్యములతో వర్ధిల్లుదురు గాక.