దాత గుండెలోని పాత పూడిక

కణేకల్ చెరువు తుంగభద్ర ఎగువ కాలువ నీటితో నిండియున్నను, తూము పూడినచో క్రింది ఆయకట్టునకు నీరందదు. మన గుండె సంగతియు నిట్టిదే. దాని గదులనిండ రక్తమున్నను, తన కండరమునకు వలసిన రక్తమును ఆ గదులనుండి గ్రహింపజాలదు. బృహద్ధమని మొదట చీలిన రెండు సన్నని కరోనరీ ధమనులే దానికి తూములు. వాని గోడలలో కొవ్వు చేరి పూడుటయే గుండెపోటునకు ముఖ్యకారణము. ఒకరి గుండెను మరియొకరికి అమర్చునపుడు, ఈ పూడిక అందు ముందే యున్నచో ఏమి చేయవలెను?

1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో డాక్టరు క్రిస్టియాన్ బర్నార్డు మొట్టమొదట ఒక మానవుని గుండెను మరియొకనికి అమర్చెను. రోగి 18 దినములు జీవించెను. మన దేశమున 1994 ఆగస్టు 3న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఈ కార్యమును సఫలముగ నెరవేర్చిన డాక్టరు పనంగిపల్లి వేణుగోపాల్ రాజమహేంద్రవరమున జన్మించినవారు. 2021 ఫిబ్రవరి 2న హైదరాబాదులో ఒక దాత గుండెను నాగోలునుండి జూబిలీహిల్సుకు మెట్రోరైలులో తరలించిరి. బయటకు తీసి మంచులో నుంచిన గుండెను సాధారణముగ నాలుగు గంటలలోపల అమర్చవలసి యుండుటయే ఈ త్వరకు కారణము.

పడుచువాని గుండె నిర్మలమని మన మనుకొందుము. కొరియా యుద్ధమున మరణించిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను పరీక్షించిన వైద్యులు 1953లో తెలిపిన దేమనగా, సగటున 22 ఏండ్ల ఆ యువకులలో నూటికి 77 మందికి ధమనులలో ఈ వ్యాధి చిహ్నములు కనబడెను. 2001లో ప్రకటితమైన పరిశోధనలో, గుండె మార్పిడి పొందిన 262 మంది ధమనులను సుమారు నెల దినములకు శబ్దతరంగ పరికరముతో లోపలినుండి చూచిరి. అంత స్వల్పకాలమున నిట్టి పూడిక కొత్తగా ఏర్పడదు గనుక, అది దాతదే యని గ్రహించిరి. 20 ఏండ్లలోపు దాతల గుండెలలో నూటికి 17, 50 ఏండ్లు నిండినవారి గుండెలలో నూటికి 85 ఇట్లుండెను.

ఉపేక్షింపరాని విషయ మింకొకటి గలదు. మార్పిడిలో గుండె నరములు తెగును. కావున రక్తము చాలకున్నను రోగికి ఎదనొప్పి తెలియకపోవచ్చును. అందుచేత దాత వయస్సు మీరినవాడైనను, పొగత్రాగువాడైనను, మధుమేహము గాని రక్తపోటు గాని కలవాడైనను, ముందుగా యాంజియోగ్రాము తీయుట మేలు. ఆ సాధనము లేని ఆసుపత్రిలో, రొమ్ము తెరచిన శస్త్రవైద్యుడు వ్రేళ్లతో ధమనులను తడవి గట్టిదనమును గుర్తింపవలసి వచ్చును. చేతికి చిక్కని పూడికయు నుండును.

అట్లని పూడిక కనబడినంతనే ఆ గుండెను త్రోసివేయుటయు ధర్మము కాదు. ఎదురుచూచుచున్న రోగికి ప్రతిదినము గండమే. స్వల్పమైన పూడిక గల గుండెను, రోగికి సంగతి తెలిపి, అతని యంగీకారముతో అమర్చవచ్చును. కొన్నియెడల స్టెంటుతోగాని బైపాసుతోగాని సరిచేయుటయు కలదు. పెక్కు ధమనులు మూసుకొనిపోయిన గుండెను మాత్రము విడువవలసినదే.

జీవన్‌దాన్ ద్వారా అవయవములను దానము చేయు కుటుంబములకు మా మనవి యొక్కటి. ఆ దుఃఖసమయమున వైద్యుడు మీ వాని పొగాకు అలవాటునుగూర్చి, చక్కెర జబ్బునుగూర్చి అడిగినచో నిందగా తలపకుడు. ఉన్నదున్నట్లు చెప్పుడు. ఆ మాట మరియొక ప్రాణమును కాపాడును.