ఆసుపని నేర్పిన యుపాయము

వృత్తివ్యాపారములను జక్కఁబఱచుకొను విధమును గూర్చి ముచ్చటింపుఁడని వేంసూరు పెద్దలు మమ్మాజ్ఞాపించిరి. మేము తర్కవ్యాకరణములు చదివి బాలురకుఁ జెప్పినవారము, మగ్గమెక్కినవారము గాము. అయినను తర్కమునకును మగ్గమునకును నంత దూరము లేదని మా నమ్మకము.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారి చరిత మీరెఱుఁగనిది గాదు. పోచంపల్లి చీరెకు రంగులద్దకమునుపు, వంపుగా నాటిన మేకులచుట్టును నూలు త్రిప్పుటయే ఆసు. ఒక్క చీరెకుఁ జేయి దాదాపు తొమ్మిదివేల మారులాడవలెను. నాలుగైదు గంటల పని. ఆ పనిచేతఁ దల్లి లక్ష్మిగారి భుజము పడిన బాధఁ జూచి, 1992లో యత్నమారంభించి 1999లో యంత్రము సాధించిరి. గంటన్నరలో చీరె ఆసు ముగియసాగెను. యంత్రమునకుఁ దల్లి పేరే పెట్టిరి. 2017లో పద్మశ్రీ వచ్చెను.

ఆయన పోయిన త్రోవను గొంత పరిశీలింతము. ఆసును విడదీసి చూడుఁడు: దారము మేకును జుట్టుట, మరలివచ్చుట, ప్రక్కమేకునకు జరుగుట. వైయాకరణుల పదచ్ఛేదమువంటిదే యిది. ఒక కదలిక యెంతకును లొంగకుండఁగా, హైదరాబాదు బాలానగరములో విద్యుత్పనికిఁ బోయి, అచ్చటి వేఱొక యంత్రపు నడకలో దాని కిటుకు గ్రహించిరి. ఇది యుపమానము. విభజనమొక్కటే యున్నచో పని యామేకులయొద్దనే నిలిచెడిది. ఉపమానమొక్కటే యున్నచో నా కిటుకు కంటఁబడినను నెందులకో తెలియకపోయెడిది. తరువాతఁ దానే యా యంత్రమునకు ఎలక్ట్రానిక్ అమరికయుఁ జేర్చిరి.

ఇఁక మన యిండ్ల సంగతి. చీరె యాలస్యమైనచో వ్యాపారి నేతగానిని, నేతగాఁడు నూలును నిందించును. అన్వయవ్యతిరేకములఁ బట్టి చూడవలదా? నూలు వేళకు వచ్చిన వారములందును నాలస్యమేయైనచో దోషము నూలుది గాదు. అద్దకము ముగిసినపుడెల్లఁ జీరె వచ్చి, ముగియనపుడెల్ల నిలిచినచో నచ్చట వెదకవలెను. మూఁడునెలల తేదీలు వ్రాసిన నోటుపుస్తకమొకటి చాలును. మా శిష్యులలో వర్తకులు పైసలు వ్రాయుదురు గాని తేదీలు వ్రాయరు!

పోషకులకొక మనవి. సత్కారముల సొమ్ములోఁ గొంత తీసి, మన స్త్రీలనడిగి, ఏ పనిలో నే కదలికకు నొప్పి పుట్టునో యింటింట వ్రాయింపుఁడు. మల్లేశముగారి పని మొదలైనది తల్లి భుజమునొద్దనే గదా. మాకు నిరుడు కప్పిన శాలువ యింకను గ్రొత్తదిగనే యున్నది.