పాత బోటు కొనే ముందు ఇంజను చూద్దాం

(పొదుపు సంఘం సమావేశంలో ఒక వాలంటీరు టీచరు చెప్పిన మాటలు)

అక్కలూ, పిన్నులూ, చెల్లెళ్ళూ!

ఈ రోజు మన సంఘంలో పాత బోటు అప్పు మాట వచ్చింది. ఫైబరు బోటు, దాని వెనక తగిలించే ఇంజను. రెండూ కలిపి బేరం. అప్పు కాగితం మీద పేరు మనది. ఇప్పుడు సంతకం కూడా మనదే. నెల నెలా వాయిదా కట్టేది మనమే. కాని ఇంజను దగ్గరికి వచ్చేసరికి "అది మగాళ్ళ పని, మీకేం తెలుసు?" అంటారు.

నేను మెకానిక్‌ని కాను. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. ఇంజను విప్పడం నాకు రాదు. కాని కొనే ముందు చూడడానికి అంతా విప్పక్కర్లేదు. మీరు చేప కొనేటప్పుడు ఏం చేస్తారు? మొప్ప ఎత్తి చూస్తారు. పొట్ట నొక్కి చూస్తారు. వాసన చూస్తారు. అమ్మేవాడి మాట ఒక్కటే విని డబ్బులివ్వరు కదా. ఇంజనుకూ ఇలాంటి గుర్తులున్నాయి.

బోటుకు చిన్న పగులుంటే ఒడ్డున అతుకు వేసుకోవచ్చు. ఇంజను సంద్రం మధ్యలో ఆగిపోతే బోటు గాలి తోసిన వైపుకు పోతుంది. అందులో మన ఇంటి మనుషులు ఉంటారు. అందుకే ముందు ఇంజను చూడాలి. ధర మాట తర్వాత.

మీరు వెళ్ళేసరికి ఇంజను చల్లగా ఉండాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. కొందరు అమ్మేవాళ్ళు మనం రాకముందే ఓ అరగంట నడిపి ఉంచుతారు. వేడెక్కిన ఇంజను తొందరగా లేస్తుంది. అప్పుడు "చూశావా అమ్మా, ఒక్క లాగుడుకి లేచిపోద్ది" అంటారు. మీరు ముందు మూత మీద చెయ్యి పెట్టండి. తర్వాత మూత తీయించి లోపల చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే "రేపు పొద్దున్నే వస్తాం, అప్పటిదాకా తియ్యకండి" అని చెప్పండి. రాత్రంతా ఆగిన ఇంజను మూడు నాలుగు లాగుళ్ళలో లేస్తే బాగుంది. పది పదిహేనుసార్లు లాగి, చెమటలు పట్టి, "నిన్న బాగానే ఉంది" అంటే అనుమానించాలి.

తాడు లాగేటప్పుడు మీరూ ఒకసారి లాగి చూడండి. చేతికి బరువుగా, ఎదురు తన్నినట్టు తగలాలి. బావిలో ఖాళీ చేద లాగినట్టు తేలిగ్గా వచ్చేస్తే లోపల పిస్టన్లూ రింగులూ అరిగిపోయాయేమో అని చూడాలి. దీన్ని కొలవడానికి మెకానిక్ దగ్గర కంప్రెషన్ గేజి ఉంటుంది. 9.9 హార్స్‌పవర్ ఇంజన్లకు సాధారణంగా రెండు సిలిండర్లు. రెండింటికీ గేజి పెట్టమనండి. అంకెలు మీరే చదవండి. ఒకటి 120, ఇంకొకటి 115 అయితే పరవాలేదు. ఒకటి 120, ఇంకొకటి 90 అయితే ఆ రెండో సిలిండరు పాడయింది. రెండు అంకెల మధ్య తేడా పదో వంతు దాటితే ఆ ఇంజను వద్దు. రెండూ దగ్గరగానే ఉండి, రెండూ బాగా తక్కువైనా వద్దు. ఎంత ఉండాలో మెకానిక్‌నే అడగండి.

ఇంజను లేచాక పక్కన చిన్న బెజ్జం నుంచి నీళ్ళు ధారగా వస్తాయి. ఇది చూడడానికి చదువు కూడా అక్కర్లేదు. ఇంజను కింద నుంచి నీళ్ళు పీల్చుకుంటుంది. ఆ నీళ్ళు లోపల తిరిగి ఇంజనును చల్లబరుస్తాయి. ఆ నీటిని తోసేది రబ్బరు రెక్కల చిన్న చక్రం. దాని పేరు ఇంపెల్లర్. ఇసుక తగిలి రెక్కలు అరుగుతాయి. ధార సూటిగా, ఆగకుండా రావాలి. సన్నగా, తడబడుతూ వస్తే ఇంపెల్లర్ అరిగి ఉండాలి, లేదా లోపలి దారుల్లో ఉప్పు పేరుకుని ఉండాలి. ఇంపెల్లర్ మార్చడం పెద్ద ఖర్చు కాదు. ఉప్పు పేరుకుంటే మాత్రం ఇంజను వేడెక్కుతుంది. పిస్టన్ పట్టేసుకుంటుంది. అప్పుడు చాలా ఖర్చు.

ఒక జాగ్రత్త. నీళ్ళు లేకుండా ఒడ్డున ఇంజను తిప్పించకండి. కొద్దిసేపు తిప్పినా ఆ రబ్బరు చక్రం పాడవుతుంది. ఒడ్డున చూడాలంటే పెద్ద డ్రమ్ములో నీళ్ళు పోసి, నీరు పీల్చే బెజ్జాలు మునిగేలా దింపాలి. "ఊరికే ఒకసారి తిప్పి చూపిస్తా" అని ఇసుకలోనే తిప్పేవాడు ఇన్నాళ్ళూ ఇంజనును ఎలా చూసుకున్నాడో మీకే అర్థమవుతుంది.

ఇక కింది భాగం. నీళ్ళలో తిరిగే ఫ్యాను దగ్గర లోపల గేర్లుంటాయి. వాటి చుట్టూ ఆయిల్ ఉంటుంది. నీళ్ళు లోపలికి పోకుండా రబ్బరు సీలు కాపలా కాస్తుంది. మన బోట్ల ఫ్యానుకు ఏం చుట్టుకుంటుందో మీకు తెలుసు. వల దారం. నైలాన్ దారం ఫ్యాను వెనక బిగుసుకుని ఆ సీలును కోసేస్తుంది. బయటికి ఏమీ కనిపించదు. లోపలికి ఉప్పునీరు పోతుంది. గేర్లు తుప్పు పడతాయి. కాబట్టి ఫ్యాను తీయించి, వెనక దారం ముక్కలున్నాయేమో చూడండి. తర్వాత కింది స్క్రూ కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు తెల్ల కాగితం మీద పడనివ్వమనండి. ఆయిల్ ఆయిల్‌లాగే ఉంటే మంచిది. పాలు కలిపిన టీ లాగా ఉంటే నీళ్ళు చేరాయి. మెరిసే ఇనుప నలుసులుంటే గేర్లు అరిగాయి. ఇది కూడా ఇంజను నడపక ముందే చెయ్యాలి. ఆగి ఉన్నప్పుడే నీరు అడుక్కి దిగి ఉంటుంది.

కొత్త రంగు చూసి మురిసిపోకండి. మూత లోపల చూడండి. తీగల చివర ఆకుపచ్చ చిలుము, మూలల్లో తెల్ల ఉప్పు ఉంటే వేట నుంచి వచ్చాక మంచినీళ్ళతో కడగలేదన్న మాట.

ఇప్పుడు అడగాల్సిన మాటలు. మొదటిది, "ఈ బోటు ఎప్పుడన్నా కెరటంలో తిరగబడిందా?" మన తీరంలో ఇది మామూలే. మునిగిన ఇంజనును ఆ రోజే కడిగి, ఆయిల్ పోసి బాగు చేయించి ఉంటే పనికొస్తుంది. రెండు రోజులు ఇసుకలో వదిలేస్తే లోపలి బేరింగులు తుప్పు తింటాయి. అమ్మే మనిషిని అడగండి, అతనితో వేటకెళ్ళిన కళాసీలనూ విడిగా అడగండి. ఆ ఇంటి ఆడవాళ్ళను అడిగితే ఇంకా మంచిది. బోటు రాని రోజు ఒడ్డున నిలబడింది వాళ్ళే కదా.

రెండోది, "పెట్రోలులో ఆయిల్ ఎంత కలుపుతారు?" టూ స్ట్రోక్ ఇంజనులో ఆయిల్ పెట్రోలుతో కలిపి పోస్తారు. చాలా ఇంజన్లకు 50 లీటర్ల పెట్రోలుకు 1 లీటరు ఆయిల్. అంటే 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. ఇంజను పుస్తకంలో వేరే లెక్క ఉంటే ఆ లెక్కే పాటించాలి. అతను ఠక్కున లెక్క చెప్తే సంతోషం. "ఏదో చేతికొచ్చినంత" అంటే ఇంజను ఎంత అరిగిందో దేవుడికే తెలుసు. ఫోర్ స్ట్రోక్ ఇంజనుకు ఆయిల్ వేరుగా ఉంటుంది. పుల్ల తీసి చూస్తే పాలలాగా ఉండకూడదు.

మూడోది, ఎంతకాలం వాడారు? "రెండేళ్ళే" అంటారు. ఏళ్ళు కాదు, గంటలు లెక్కెయ్యండి. రోజుకు 4 గంటలు. నెలకు 20 రోజులు. 4 × 20 = 80 గంటలు. ఏడాదిలో 10 నెలలు. 80 × 10 = 800 గంటలు. రెండేళ్ళకు 1,600 గంటలు. పక్క ఊళ్ళో అయిదేళ్ళ ఇంజను రోజుకు గంటే తిరిగి ఉంటే, నెలకు 20 గంటలు, ఏడాదికి 200, అయిదేళ్ళకు 1,000 గంటలు. ఏది తక్కువ తిరిగింది? మీరే చెప్పండి.

చివరికి నీళ్ళలో నడిపి చూడాలి. ఖాళీ బోటు చాలదు. మనుషులూ వలా ఎక్కించి గంటసేపు నడపమనండి. నెమ్మదిగా నడిపితే ఆగిపోతోందా? పూర్తి జోరులో గొంతు మారుతోందా? గేరు వేస్తే జారుతోందా? ఆపి, పది నిమిషాలాగి, వేడి మీద మళ్ళీ లేపాలి. వేడి మీద లేవని ఇంజన్లు చాలా ఉన్నాయి. వల వేసి ఇంజను ఆపుతాం. వల లాగాక అది లేవకపోతే ఎలా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో వేట నిషేధం. ఆ రోజుల్లో బేరం వస్తే సంద్రంలో పరీక్ష కుదరదు. "ఇప్పుడే తీసుకోండి, మళ్ళీ దొరకదు" అన్నా సరే, నిషేధం అయ్యేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

కాగితాల పని మనది. ఇంజను బిగించే బ్రాకెట్ మీద చిన్న రేకు ఉంటుంది. దాని మీద మోడలు, నంబరు ఉంటాయి. ఆ నంబరు నోటు పుస్తకంలో రాసుకోండి. బిల్లులో నంబరుతో ఒక్కో అంకె పోల్చండి. రేకు పీకేసి ఉన్నా, నంబరు గీకేసి ఉన్నా ఆ ఇంజను ఎవరిదో? వదిలెయ్యండి. బోటు రిజిస్ట్రేషన్ అమ్మేవాడి పేరునే ఉందో లేదో మత్స్యశాఖ ఆఫీసులో అడగండి.

అడ్వాన్సు ఇచ్చేటప్పుడు రసీదు ఇలా రాయించండి:

"నేను నా బోటును, ........ నంబరు ఇంజనును ........ రూపాయలకు అమ్ముతున్నాను. ఈ రోజు అడ్వాన్సు ........ రూపాయలు తీసుకున్నాను. నీళ్ళలో గంటసేపు నడిపి చూసి, బాగుంటేనే బేరం. బాగోకపోతే అడ్వాన్సు తిరిగి ఇస్తాను. తేదీ ........ సంతకం ........ సాక్షులు ఇద్దరు ........"

ఖాళీలన్నీ నింపాక మీరు ఒకసారి పైకి చదవండి. సంతకాలు అయ్యాక డబ్బు లెక్కపెట్టి ఇవ్వండి.