ఒక పంతులు, అయిదు తరగతులు



ఈ అంతర్జాతీయ విద్యా సదస్సు కార్యక్రమ పత్రం చేతికందగానే ఒక్క విషయం కోసం వెతికాను. కృత్రిమ మేధ మీద గోష్ఠులున్నాయి. విశ్వవిద్యాలయాల ర్యాంకుల మీద ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి నాలుగో సుస్థిరాభివృద్ధి లక్ష్యానికి ఒక పూటంతా ఇచ్చారు. ఏకోపాధ్యాయ పాఠశాల మీద మాత్రం ఒక్క పత్రమూ లేదు. ఈయన మళ్ళీ అదే మొదలుపెట్టాడని ముందువరుసలో కొందరు మిత్రులకు అనిపించవచ్చు. అవును, అదే మొదలుపెట్టాను. తులనాత్మక విద్యాశాస్త్రానికి ఇంతకంటే పెద్ద ప్రశ్న లేదని నా నమ్మకం.

2024–25 కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో ఒకే టీచరుతో నడిచే బళ్ళు లక్ష పైచిలుకు. వాటిలో చదివే పిల్లలు 33 లక్షలు దాటారు. రాష్ట్రాల వరసలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, 12 వేల పైచిలుకు. తెలంగాణలో 5 వేలు. అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టంలో రాసుకున్న తర్వాతి పరిస్థితి ఇది.

పాడేరు కొండల్లో నేను చూసిన ఒక బడి సంగతి చెబుతాను. ఒకటే గది, ముందు వరండా. మాస్టారు నల్లబల్లను సుద్దముక్కతో నిలువుగా మూడు భాగాలు చేశారు. ఎడమవైపు మూడో తరగతికి తీసివేతలు. మధ్యలో నాలుగు, అయిదు తరగతులకు తెలుగు పాఠం ప్రశ్నలు. కుడివైపు కింద, చిన్న చేతులకు అందే ఎత్తులో, ఒకటో తరగతి వాళ్ళు దిద్దుకునే అక్షరాలు. రెండో తరగతి వరండాలో ఉంది. అక్కడ అయిదో తరగతి అమ్మాయి ఒకతె, చంకలోని తమ్ముణ్ణి దించకుండానే, చింతగింజలు పరిచి కూడికలు చెబుతోంది. ఒక చిన్నపిల్ల తెలుగు మాట అర్థంకాక తెల్లమొహం వేస్తే, కువిలో చెప్పి మళ్ళీ తెలుగులోకి వచ్చింది. హాజరు ఫొటో ఎక్కించడానికి సిగ్నల్ కోసం గట్టెక్కిన మాస్టారు తిరిగొచ్చి మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క రాసుకుంటుంటే, పదులు దాటేచోట ఎవరెవరు తడబడుతున్నారో ఆ అమ్మాయి పేర్లతో సహా చెప్పింది. బోధన, మూల్యాంకనం, బహుభాషా విద్య అని మనం మూడు హాళ్ళలో పెట్టుకున్న గోష్ఠుల సారమంతా ఆ వరండాలో ఒక్క పావుగంటలో నా కళ్ళముందు జరిగింది.

పై పిల్లలు కింది పిల్లలకు చెప్పడం ఈనాడు పుట్టిన పద్ధతి కాదు. 1790ల్లో మద్రాసు ఎగ్మోరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్, వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరాలు రాయడం, పై పిల్లలు కింది పిల్లలకు చెప్పడం గమనించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. ‘మద్రాసు పద్ధతి’ పేరుతో అది ఇంగ్లండు బళ్ళలో విస్తృతంగా పాకింది. బళ్ళారి కలెక్టరు కేంబెల్ 1823 నివేదికలో, ఇంగ్లండు అనుకరించదగిన పద్ధతేనని దీన్ని మెచ్చుకున్నాడు. బ్రౌనుకు ముందే తెలుగు వ్యాకరణం రాసిన కేంబెల్ ఈయనే.

ఇలాంటి నివేదికల్ని 1983లో గాంధేయవాది ధరంపాల్ పుస్తకంగా వెలికితెచ్చాక, వాటిని పట్టుకుని ఒక స్వర్ణయుగాన్ని కట్టేవాళ్ళు మనలో బయల్దేరారు. అదే కేంబెల్ నివేదికలో ఆడపిల్లల అంకె కూడా ఉంది, వాళ్ళు అదీ చదవాలి. ఆరున్నర వేల పైచిలుకు పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది. గడప తొక్కనివ్వని కులాల మాట సరేసరి. నేను ఆ వీధిబడిని పొగడను. అందులో ఉన్న బోధన పద్ధతిని వదులుకోను.

మన సదస్సులకు ఈ చిన్నబడి స్పృహ ఒకప్పుడు ఉండేది. 1961లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ ప్రభుత్వ విద్యా సమావేశం ఏకోపాధ్యాయ ప్రాథమిక పాఠశాలల మీదే ప్రత్యేకంగా ఒక సిఫారసు చేసింది. అది 52వ సిఫారసు. మా గురువుగారు మా చేత దాన్ని క్లాసులో పైకి చదివించేవారు. వాక్యం వాక్యానికీ ఆపి, ‘మన తాలూకాలో ఇది ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు?’ అని అడిగేవారు. నాకు అబ్బిన తులనాత్మక అధ్యయనం అంతా ఆ ప్రశ్నలో ఉంది. తర్వాత జోమ్‌తియన్ (1990), డకార్ (2000), ఇంచియాన్ (2015) సభలు వచ్చాయి. లక్ష్యాలు పెద్దవయ్యాయి. ఈ చిన్నబడికి మళ్ళీ ఆ పీట వెయ్యలేదు.

పట్టించుకున్న చోట ఏం జరిగిందో కొలంబియా చెబుతుంది. వికీ కోల్బర్ట్, పల్లెటూరి టీచరుగా పనిచేసిన ఆస్కార్ మొగొలాన్, మరికొందరు కలిసి 1970ల్లో ‘ఎస్కువేలా నువేవా’ మొదలుపెట్టారు. పిల్లలు తమంతట తాము చదువుకునే గైడ్లు, ఎవరి వేగంతో వాళ్ళు పై మెట్టెక్కే వెసులుబాటు దాని ఆయువుపట్టు. 1998లో యునెస్కో లాటిన్ అమెరికా దేశాల్ని పోల్చి చూస్తే, మహానగరాల్ని మినహాయించి, పట్నం బళ్ళకంటే పల్లె బళ్ళు మెరుగ్గా తేలిన దేశం కొలంబియా. అంత దూరం అక్కర్లేదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యపుస్తకాన్ని కార్డులుగా విడగొట్టి, గోడ మీద నిచ్చెన పటం కట్టి, చుట్టుపక్కల పల్లెల బళ్ళలో నడిపి చూపించారు. 2003లో చెన్నై నగరపాలక సంస్థ బళ్ళు దాన్ని అందుకున్నాయి, తర్వాత తమిళనాడంతా అందుకుంది. జర్మనీలో రేగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం దాని మీద పరిశోధన చేసింది. మన విశ్వవిద్యాలయాల విద్యాశాఖల్లో దీని మీద గట్టి సిద్ధాంత గ్రంథం ఒకటి చూపించమని ఏళ్ళ తరబడి అడుగుతున్నాను.

ర్యాంకుల మిత్రులతో నా తగాదా మీకు తెలిసిందే. పదిహేనేళ్ళ పిల్లలకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష పీసా 2009లో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పట్టికలో దాదాపు అట్టడుగున తేలాయి. తర్వాత దేశం తప్పుకుంది. ఆ పట్టిక చూసి గుండెలు బాదుకున్నవాళ్ళూ, అది మనకు తగని పరీక్ష అని కొట్టిపారేసినవాళ్ళూ ఇద్దరూ ఆ వయసు పిల్లల దగ్గరే ఆగిపోయారు. ఆ పిల్లలు ఒకటో తరగతిలో ఎవరి ముందు, ఎంతమందితో, ఎన్ని తరగతుల మధ్య కూర్చున్నారని అడగలేదు.

చిన్నబడి అసలు బడే కాదు, కలిపెయ్యండి అని ఒక పెద్దమనిషి ఇలాంటి వేదిక మీదే అన్నారు. కలిపి చూశాం. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 117 జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతులు హైస్కూళ్ళకు వెళ్ళాయి. ఒకటి, రెండు తరగతులతో టీచరు ఒంటరిగా మిగిలిపోయిన ఊళ్ళు నేను చూశాను. ఆ జీవో తర్వాత రద్దయింది. ఆ వాదన మాత్రం రద్దు కాలేదు.

ఒక్క టీచరుతో సరిపెట్టమని నేను అనడం లేదు. ఇద్దరూ ఉండి తీరాలి. ఇద్దరున్నా తరగతులు అయిదే కదా! ఒకరికి రెండు, ఇంకొకరికి మూడు. అది కూడా బహుతరగతి బోధనే. అందుకే ఇది మారుమూల కొండల సమస్య కాదు, మన ప్రాథమిక విద్య సగటు పరిస్థితి అంటున్నాను. టీచర్లకు శిక్షణ ఇచ్చే డైట్ కాలేజీలు నేను చూసినవాటిలో టీచింగ్ ప్రాక్టీసు ఎలా ఉంది? ఒక తరగతి, ఒక పాఠం, ఒక పీరియడు, ఒక పాఠ్యపథకం, వెనక బెంచీలో పరిశీలకుడు. పోస్టింగు వచ్చిన మొదటిరోజు ఆ కుర్రవాడి ముందు అయిదు తరగతులు కూర్చుంటాయి.

ముగింపు సభ తీర్మానాల్లో రెండు మాటలు చేర్చాలని కోరుతున్నాను. టీచింగ్ ప్రాక్టీసులో సగం రోజులు రెండు మూడు తరగతులు కలిసి కూర్చున్న గదిలోనే జరగాలి. వచ్చే సదస్సులో ఒక రోజంతా ఈ బళ్ళ టీచర్లే పత్రాలు చదవాలి. అయితే వాళ్ళు ఇక్కడికి వస్తే ఆ రోజు బడి మూతపడుతుంది. అందుకని ఆహ్వానంతోపాటు బడి చూసుకునే క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ను (సీఆర్పీ) కూడా ముందే ఏర్పాటు చేయించాలి. దాని కోసం ఎంఈవోలతో మాట్లాడే పని నేను చేస్తాను. పత్రాలు ఏ భాషలో వచ్చినా తీసుకోవాలి. అనువాదం ఖర్చు నిర్వాహకులది.