తాతముత్తాతల జాడ

మన పూర్వులెవ్వరని పిల్లలడిగిన తోడనే వంశవృక్షమును గీచి చేతికీయబూనుట తొందరపాటు. వెదకులాటలోని రుచిని వారికే దక్కనీయవలయును. మొదట ఇంటి పెద్దలనడిగి, వారు చెప్పుచుండగనే వ్రాసికొనుమనుడు. ఆబ్దికములు పెట్టు ఇండ్లలో తండ్రి, తాత, ముత్తాతల నామములు ఏటేట ఉచ్చరింపబడుచుండుటచే మూడు తరములు శ్రమలేకయే లభించును గాని, ఆడువారి పుట్టినింటిపేరులు ఎవరును వ్రాయకయే జారిపోవును. వానిని ముందుగా పట్టుకొనవలయును.

తరువాత పాత పెట్టె. అందలి జాతకమున ‘ప్రభవ సంవత్సరము, శ్రావణ బహుళ పంచమి’ అని యుండుననుకొందము. అంతమాత్రమున తేదీ తేలదు. ఏలయన ప్రభవ 1867లోను, 1927లోను, మరల 1987లోను వచ్చినది. వారనక్షత్రములు కూడ వ్రాసియున్నచో, నాటి పంచాంగములతో సరిచూచి ఏ ఆవృత్తియో నిర్ణయింపవచ్చును. పదునాలుగేండ్ల పిల్లకు ఇంతకంటె సొగసైన లెక్క ఏ బడిలో దొరకును?

భూవసతి గలవారికి దస్తావేజులు, ఇనాము పట్టాలు కలవు. ఊరి పుట్టుపూర్వోత్తరములకు, కర్నల్ కాలిన్ మెకంజీ కావలి సోదరుల సాహాయ్యమున సేకరింపించిన కైఫీయతులు కలవు. భూమిలేని నిరుపేదలకు కాగితములుండవని మనమనుకొందుము. కాని 1860 మొదలుకొని మద్రాసు రేవునుండి దక్షిణాఫ్రికాలోని నాటాలునకు ఒప్పందపు కూలీలుగా ఓడనెక్కినవారి పట్టికలలో, పేరు, తండ్రి పేరు, వయస్సు, తాలూకా, గ్రామము, తుదకు ఒంటిమీది పుట్టుమచ్చయు గాయపుమచ్చయు సైతము నమోదు చేయబడినవి.